ఛాతీ ఎత్తు దాటిన రాళ్ళు

థార్న్‌బెక్ కొండమీది చర్చికి వచ్చిన మొదటి వారంలోనే సన్యాసి లాంబెర్ట్‌కు ఒక సంగతి తెలిసిపోయింది. తను ఇక్కడ ఉండలేడు.

మఠంలో అరవై గొంతులు కలిసి కీర్తనలు పాడేవి. ఒక గొంతు జారితే పక్క గొంతు పట్టుకునేది. ఇక్కడ ప్రార్థనకు నిలబడేది తనూ, ముసలి గురువు ఓస్రిక్, ఇద్దరే. ఓస్రిక్‌కు సగం చరణంలోనే ఊపిరి అందేది కాదు. మిగతా సగం లాంబెర్ట్ ఒక్కడే పాడాలి. పాడిన మాట ఖాళీ గోడలకు తగిలి వెనక్కి వచ్చేది. ఆ వచ్చే గొంతు తనదేనని తెలిసినా అతనికి ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది.

ఆదివారం పూజకు తొమ్మిదిమంది వచ్చేవారు. మూడువందలమంది పట్టే చోట ఆ తొమ్మిదిమందీ చలికి ఒకరినొకరు ఆనుకుని బలిపీఠం దగ్గర ఒక మూల కూర్చునేవారు. పూజ కాగానే గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయేవారు. ఆ తర్వాత వారమంతా కొండమీద గాలి తప్ప పలకరించేది ఏదీ ఉండేది కాదు.

అతన్ని అక్కడికి పంపింది మఠాధిపతి. ఆ కొండల్లో మూడు పాత చర్చిలున్నాయి. మూడింటినీ బాగు చేయించే స్తోమత బిషప్‌గారికి లేదు. ఏది ఉంచాలో, ఏది విప్పి ఆ రాళ్ళను కింద పట్నంలో లేస్తున్న కొత్త చర్చికి తోలించాలో వేసవిలోగా తేలాలి. ఒక్కొక్క చర్చి ఎప్పుడు, ఎవరు, ఎలా కట్టారో చరిత్ర రాసి పంపితే దాన్నిబట్టి నిర్ణయం చేస్తామన్నారు.

థార్న్‌బెక్ చర్చి లాంబెర్ట్ వంతుకు వచ్చింది. ఆ పనికి అతన్ని మించినవాడు లేడు. మఠం భోజనశాల తిరిగి కట్టిన ఏడేళ్ళూ అతను మేస్త్రీల వెంట తిరిగాడు. రాయి చూసి ఏ గనిదో చెప్పేవాడు. ఉలి దెబ్బ చూసి ఎవరి కాలంలో పడ్డదో చెప్పేవాడు. గోడలో ఒక పని ఎక్కడ ఆగి ఇంకో పని ఎక్కడ మొదలైందో, అతుకు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాడు. అది కష్టపడి నేర్చిన విద్య. ఆ విద్యతో పాటు గర్వమూ పెరిగింది. అతనికి ఆ సంగతి తెలియదు.

బయల్దేరేటప్పుడు మఠాధిపతి రెండు మాటలు చెప్పాడు. ఓస్రిక్ నాకు అక్షరాలు దిద్దించినవాడు, అక్కడున్నన్నాళ్ళూ ఆయనే నీ గురువు అన్నది మొదటిది. చర్చి మూసేస్తే ఇద్దరూ మఠానికి వచ్చేయండి, ఉంచితే మాత్రం ఓస్రిక్ తర్వాత ఆ చర్చి నీదే అన్నది రెండోది. మఠాధిపతి ఆ రెండో మాటను దీవెనలాగే అన్నాడు. లాంబెర్ట్‌కు అది శిక్షలా వినిపించింది.

పనైతే శ్రద్ధగానే మొదలుపెట్టాడు. ముళ్ళు వేసిన తాడుతో గోడలు కొలిచాడు. నిచ్చెన వేసుకుని కిటికీల అంచులు తడిమాడు. గంట కొట్టే హావిస్ అనే వితంతువు రోజూ ఆ దారినే నీళ్ళకు పోయేది. అరవై దాటిన మనిషి, నోరు ఊరుకునేది కాదు.

"గోడ ఏమంటోంది చిన్నస్వామీ?" అనేది. "నా మొగుడూ ఇట్లాగే పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఆయన్ని మాత్రం సోమరిపోతు అనేవాళ్ళు."

లాంబెర్ట్ నవ్వేవాడు కాదు. అతనికి ఆ మనుషులతో పని లేదు. గోడలతోనే పని.

గోడలు చెప్పిన కథ ఇది. ముందు మందపాటి గోడలతో, చిన్న చిన్న కిటికీలతో ఒక పొట్టి చర్చి కట్టారు. దానికి మూడువందల ఏళ్ళు ఉంటాయి. తర్వాత ఉన్ని వ్యాపారం కలిసొచ్చి ఊరు పెరిగింది. జనం పట్టక ఉత్తరపు గోడలో నాలుగు పెద్ద కమానులు తెరిచి, అవతల పొడుగునా ఒక చావడి కలిపారు. ఆ కమానుల పని అందమైనది. లాంబెర్ట్ కూడా దాని ముందు కాసేపు నిలబడ్డాడు.

డెబ్భై ఏళ్ళ కిందట మహమ్మారి వచ్చింది. ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. చూసేవాళ్ళు లేక చావడి కప్పు కూలింది. మిగిలిన చర్చిలోకి వానా గాలీ రాకుండా ఆ నాలుగు కమానులనూ రాళ్ళతో మూసేశారు.

ఆ మూసిన పని దగ్గర లాంబెర్ట్ కన్ను ఆగింది. కింద చెక్కిన పెద్ద రాళ్ళు. సున్నం గీత సన్నగా ఉంది, వరసలు మట్టంగా ఉన్నాయి. సుమారు ఛాతీ ఎత్తు దాకా అదే తీరు. అక్కడినుంచి పైకి అన్నీ చిన్న రాళ్ళు, వంకర వరసలు, వేళ్ళతో అదిమినట్టు దట్టంగా సున్నం. అంతకంటే పైన గులకరాళ్ళు, పగిలిన పలకరాళ్ళు, చేతికి దొరికినవన్నీ కుక్కారు. నాలుగు కమానుల్లోనూ రాళ్ళు మారిన ఎత్తు కొలిచి లాంబెర్ట్ విడివిడిగా రాసుకున్నాడు.

అతనికి అనుమానమే కలగలేదు. ఇవి రెండు పనులు. మహమ్మారి పోగానే తెలిసిన మేస్త్రీ ఎవరో మొదలుపెట్టాడు. అది సగంలో ఆగింది. చాలా ఏళ్ళ తర్వాత దైవభక్తి లేని వాళ్ళెవరో మొక్కుబడిగా మూసి చేతులు దులుపుకున్నారు.

ఆ పూట అతను చర్మపత్రం మీద ఇలా రాశాడు: "ఈ ఊరి విశ్వాసం ఒక మనిషి ఛాతీ ఎత్తు దాకా లేచి, అక్కడ ఆగిపోయింది."

ఆ వాక్యం అతనికి ఎంతో నచ్చింది. గోడ పక్కన నడుస్తూ రెండుసార్లు పైకి చదువుకున్నాడు. దాని కింద ముగింపు రాశాడు. రెండు తరాలుగా ఈ చర్చిని ఎవరూ పట్టించుకోలేదు, ఈ రాళ్ళు పట్నంలో దేవుడికి ఇంతకంటే బాగా పనికొస్తాయి అని. మనిషి తనకు కావలసినదాన్ని రాతి గోడమీద కూడా చదువుకోగలడు. అయినా ఆ రోజు ఎవరైనా అడిగితే, ఉన్నదే రాశానని లాంబెర్ట్ ఒట్టు వేసి చెప్పేవాడు.

రాసినదంతా గురువుకు చదివి వినిపించాడు. ఓస్రిక్ పొయ్యి దగ్గర కూర్చుని బార్లీ గంజి కలుపుతూ విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"ఆ రెండు పనుల మధ్య ఎన్నేళ్ళు ఉంటాయంటావు?"

"ముప్పయ్యేళ్ళకు తగ్గదు గురువుగారూ."

ఓస్రిక్ తల ఊపాడు. "అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి నాయనా," అని గంజి గిన్నె అందించాడు.

లాంబెర్ట్ వాదన వస్తుందనుకున్నాడు. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాడు. ముప్పయ్యేళ్ళు ఈ చర్చిలో పూజ చేసినవాడు, దాన్ని విప్పెయ్యమని రాస్తే ఒక్క మాట అనకపోవడం అతనికి కోపం కంటే కష్టంగా తోచింది.

మర్నాడు పొద్దున ఓస్రిక్ అతన్ని దక్షిణం వైపు పాత ద్వారం దగ్గరికి పిలిచాడు. దాని తలుపు చివికి చాలా కాలమైంది. గోనె కట్టి ఉంచారు. పూజ జరిగేటప్పుడు ఆ గోనె ఎగిరి గాలి నేరుగా జనం మీదికి వచ్చేది.

"మనకు పడమటి ద్వారం ఒక్కటి చాలు," అన్నాడు ఓస్రిక్. "దీన్ని రాళ్ళతో మూసేద్దాం."

మూడు వారాల్లో బిషప్‌గారి గుమాస్తా వస్తున్నాడనీ, ఎండాకాలానికి ఈ చర్చే ఉండకపోవచ్చనీ, విప్పబోయే గోడకు కొత్తగా రాళ్ళు పేర్చడం ఎందుకనీ లాంబెర్ట్ మర్యాదగానే అడిగాడు.

"అప్పటిదాకా చలి వేస్తుంది కదా," అన్నాడు ఓస్రిక్.

గురువు చెప్పాడు కాబట్టి లాంబెర్ట్ చొక్కా చేతులు పైకి మడిచాడు. కూలిన చావడి రాళ్ళు ఉత్తరం వైపు దురదగొండి పొదల్లో పడి ఉన్నాయి. హావిస్ సున్నం, ఇసుక కలపడానికి వచ్చింది. టోకీ అనే గొర్రెలకాపరి వచ్చాడు. భుజాలున్నవాడు, ఎక్కువ మాట్లాడడు. వాళ్ళు నలుగురు.

మొదటి రోజు లాంబెర్ట్ తన విద్యంతా చూపించాడు. పొదల్లోంచి చెక్కిన పెద్ద రాళ్ళే ఏరాడు. టోకీ ఒక కొస, అతను ఒక కొస పట్టుకుని మోసుకొచ్చి దింపారు. దారానికి గుండు కట్టి మట్టం చూసుకున్నాడు. సున్నం గీత సన్నగా వచ్చేదాకా రాయిని జరిపి జరిపి పెట్టాడు. హావిస్ మధ్యమధ్యలో, చిన్నస్వామి గోడ కడుతున్నాడా, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తున్నాడా అని ఎత్తిపొడిచింది. మొదటిసారి లాంబెర్ట్‌కు నవ్వొచ్చింది. సాయంత్రానికి పని ఛాతీ ఎత్తుకు వచ్చింది. మఠం మేస్త్రీలు చూసినా వంక పెట్టలేని పని అనుకున్నాడు.

రెండో రోజు టోకీ రాలేదు. గొర్రెలు ఈనడం మొదలైంది. ఇంకో పది రోజులు అతను మందను వదిలి రాలేనని కబురు పంపాడు.

లాంబెర్ట్ ఒక్కడే పెద్ద రాయిని దొర్లించుకొచ్చాడు. ఛాతీ దాకా ఎత్తాడు. అక్కడినుంచి పైకి లేవలేదు. సారువ కట్టుకుని పైనుంచి లాగుదామంటే కర్రలూ లేవు, లాగే మనుషులూ లేరు. ఉన్నది ఒక బల్ల. ఓస్రిక్ వచ్చి కింద చెయ్యి ఆనించాడు. రాయి ఒరిగింది. ముసలాయన పాదానికి బెత్తెడు దూరంలో పడి నేలలో దిగబడింది.

ఓస్రిక్ మొహం తెల్లబోయింది. కాసేపు గోడను ఆనుకుని నిలబడి, మళ్ళీ చేతులు చాపాడు.

లాంబెర్ట్ ఆ చేతుల్ని చూశాడు. "చిన్నవి అందించండి గురువుగారూ," అన్నాడు.

ఆ రోజంతా చిన్న రాళ్ళే. ఓస్రిక్ ఒళ్ళో పట్టినంత తెచ్చేవాడు. లాంబెర్ట్ బల్ల ఎక్కి పెట్టేవాడు. చిన్న రాళ్ళతో వరస మట్టంగా రాదు. సరిచేద్దామంటే పగలు సరిపోదు. సున్నం దట్టంగా పూసి, తాపీ జారిపోతే వేళ్ళతోనే అదిమేశాడు. సాయంత్రానికి వేళ్ళ కొసలు చిట్లి నెత్తురు వచ్చింది.

మూడో రోజు సముద్రం వైపునుంచి నల్లగా మబ్బు పట్టింది. సున్నం ఆరకముందే వాన పడితే అంతా కారిపోతుంది. దగ్గర్లో రాళ్ళు అయిపోయాయి. దూరం వెళ్ళి తెచ్చే వ్యవధి లేదు. హావిస్ వాగులోంచి గులకరాళ్ళు కొంగులో పోసుకొచ్చింది. ఓస్రిక్ కప్పు మీదనుంచి జారిపడ్డ పలకరాళ్ళ ముక్కలు ఏరుకొచ్చాడు. లాంబెర్ట్ అడుగున పట్టుకుంటే, బల్లమీద పీట వేసుకుని హావిసే పై సందులు కుక్కింది. చేతికి ఏది దొరికితే అది. చివరి సందు మూశాక బల్ల దిగి, నడుము పట్టుకుని, ఇంక గాలి కూడా తలుపు తట్టి రావాల్సిందే అంది. అటునుంచే ఇంటికి వెళ్ళిపోయింది.

లాంబెర్ట్ చేతులు కడుక్కుని, అలవాటు కొద్దీ నాలుగడుగులు వెనక్కి వేసి గోడను చూశాడు.

అతను ఆలోచించేలోపే అతని కన్ను చదివేసింది. రెండు పనులు. మధ్యలో ముప్పయ్యేళ్ళు.

అతను అట్లాగే నిలబడిపోయాడు. వాన మొదలైంది. తల మీదికి టోపీ లాక్కోవడం కూడా మరిచిపోయి, చర్చి చుట్టూ తిరిగి ఉత్తరం వైపుకు నడిచాడు. మొదట నడిచాడు, తర్వాత పరుగెత్తాడు.

దురదగొండి పొదలు తొక్కుకుంటూ మొదటి కమాను ముందు నిలబడ్డాడు. పెద్ద రాళ్ళు అతని ఛాతీ దగ్గర ఆగాయి. రెండో కమానులో దానికి జానెడు కింద ఆగాయి. మూడోదానిలో ఇంకా కింద. నాలుగోదానిలో నడుము దగ్గరే. ఈ కొలతలన్నీ అతను తన చేత్తో తీసినవే. వరసగా రాసుకున్నవే.

నాలుగో కమాను పైభాగంలో అన్నీ గుప్పెడు రాళ్ళు. ఒక్కొక్క రాయి చుట్టూ సున్నంలో నాలుగు వేళ్ళ గుంటలు. లాంబెర్ట్ తన వేళ్ళు వాటిలో పెట్టి చూశాడు. పట్టలేదు. ఆ గుంటలు చిన్నవి, పిల్లల వేళ్ళవి.

వాన వెలిసేదాకా అతను అక్కడే ఉన్నాడు.

ఇక్కడితో అతను మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. రెండు రోజులు ఆ చర్మపత్రాన్ని చుట్ట కూడా విప్పకుండా పెట్టెలోనే ఉంచాడు. ఎవరూ అడగలేదు. ఓస్రిక్ ఆ మాటే ఎత్తలేదు. రాసింది రాసినట్టు పంపితే తప్పు పట్టగలిగినవాడు ఆ ప్రాంతంలో లేడు. కోతల వేళకు మఠంలో ఉండొచ్చు. అరవై గొంతుల మధ్య తన గొంతు మళ్ళీ కలిసిపోతుంది. గురువుగారు కూడా వెచ్చటి గదిలో నాలుగు రోజులు సుఖంగా ఉంటారు అని కూడా అనుకున్నాడు. మనసు తనకు కావలసినదానికి మంచి పేరే వెతుకుతుంది. దానికి లొంగకూడదని అతనికి చిన్నప్పుడే నేర్పారు. లొంగకపోవడం ఇంత కష్టమని ఎవరూ చెప్పలేదు.

మూడో రోజు పొద్దున్నే చాకు నూరుకుని కూర్చున్నాడు. చర్మపత్రం మీద సిరా గీకితే పోతుంది, కానీ నెమ్మదిగా గీకాలి. లేకపోతే చిల్లు పడుతుంది. తనకు ఎంతో నచ్చిన ఆ వాక్యాన్ని అక్షరం అక్షరం గీకాడు. దాని కింది ముగింపు గీకాడు. ముప్పయ్యేళ్ళు అన్న మాట గీకాడు.

కొత్తగా పొగడ్తలేమీ రాయలేదు. గంట గోపురం పడమటికి ఒరిగిందని రాసింది అట్లాగే ఉంచాడు. కప్పు నాలుగు చోట్ల కారుతుందన్నదీ ఉంచాడు. పూజకు వచ్చేవాళ్ళు తొమ్మిదిమంది అన్నదీ ఉంచాడు. ఖాళీ అయిన చోట మాత్రం ఇలా రాశాడు: "ఉత్తరపు కమానులు మూసింది ఒకే పని. చేసినవారు మహమ్మారికి మిగిలినవారు."

చెప్పిన రోజుకే గుమాస్తా కంచరగాడిద మీద వచ్చాడు. సరదా మనిషి, చదువుకున్నవాడు. చర్చి చుట్టూ ఒక చుట్టు తిరిగి దక్షిణపు గోడ దగ్గర ఆగి నవ్వాడు.

"కింద చేసినవాడెవరో గానీ మంచి పనివాడు. పైన చేసినవాడికి సిగ్గు లేదు."

లాంబెర్ట్ తలవంచుకున్నాడు. "రెండూ నేనే చేశాను," అన్నాడు.

గుమాస్తా నవ్వు ఆపాడు. అక్కడే బల్లమీద కూర్చుని పత్రం చదివాడు. చివరికి వచ్చేసరికి కనుబొమ్మలు ముడిపడ్డాయి. కొండ కింది ఊళ్ళలో తాను విన్నదాన్నిబట్టి ఇది విప్పమనే నివేదిక అనుకున్నాననీ, ఇది చదివితే బిషప్‌గారు విప్పమనడం కష్టమనీ అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఉంచితే నువ్వూ ఇక్కడే. తెలుసు కదా?"

"తెలుసు."

"పత్రం ఇంకా నా చేతిలోనే ఉంది. ఏమైనా కలపాలంటే కలుపు."

లాంబెర్ట్ తల అడ్డంగా ఊపాడు. గుమాస్తా పత్రాన్ని చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఓస్రిక్ దగ్గర దీవెన తీసుకుని, చీకటి పడకముందే కొండ దిగాలని తొందరపడి వెళ్ళిపోయాడు. కంచరగాడిద గిట్టల చప్పుడు రాళ్ళ మీద చాలాసేపు వినిపించింది. ఆ తర్వాత గాలి ఒక్కటే.

గురువూ శిష్యుడూ చర్చి వాకిట్లో నిలబడ్డారు. కింద లోయలో పట్నం వైపు పొగ కనిపిస్తోంది. లాంబెర్ట్ అటే చూస్తున్నాడు.

"మీకు మొదటినుంచీ తెలుసు," అన్నాడు చివరికి. "నేను చదివి వినిపించిన రోజునే చెప్పి ఉంటే సరిపోయేది కదా గురువుగారూ."

ఓస్రిక్ అతని చేయి పట్టుకున్నాడు. చిట్లిన వేళ్ళు ఇంకా పూర్తిగా మానలేదు.

"చెబితే ఊరికే రాసుకునేవాడివి," అన్నాడు.